తాడు వదలని దేవుడు

మూసిన మూతల లోపల కూడా చూడగలిగిన దేవునికి స్తోత్రం! లోకమంతటా గాలిని నింపి, ఆ గాలికి ఏనాడూ కిరాయి అడగని తండ్రికి స్తోత్రం! ఈ వాక్యం చదవడం మొదలుపెట్టిన దగ్గర నుండి మీరు రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి ఉంటారు, అది మీకు తెలియను కూడా తెలియదు, నాకు మాత్రం తెలుస్తుంది సహోదరులారా, ఇప్పుడు ప్రతి ఊపిరీ నాకు తెలుస్తుంది, ప్రతి ఊపిరికీ ఆయనే కారణం, ఆయన నామానికే ఘనత!

మన సంఘ పత్రికకు సాక్ష్యం రాయమని పాస్టరు గారు నన్ను అడిగి చాలా నెలలైంది. నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకంటే ఇందులో దేవుడు చేసిన కార్యం ఎంత గొప్పదో నేను చేసిన పని అంత నీచమైనది, ఆ రెండోది దాచిపెట్టి మొదటిది మాత్రమే చెబితే అది సాక్ష్యం అనిపించుకోదు. కాబట్టి రెండూ చెబుతాను, ఓపికతో చదవండి.

నా పేరు ప్రభుదాసు. మేముండేది బీరంగూడలో. నా భార్య సువార్త ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకొని కంపెనీ యూనిఫారాలు కుడుతుంది. నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో పదకొండేళ్ళు పనిచేశాను. ఆదివారం మందిరంలో డోలక్ వాయించేవాణ్ణి, నా చేతులు పడితే కూర్చున్నవాళ్ళు లేచి చప్పట్లు కొడతారని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మందులు తయారుచేసే పెద్ద ఉక్కు పాత్రలను రియాక్టర్లు అంటారు. ఒక్కొక్కటి రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. దాన్ని కడగాలంటే పైన ఉండే గుండ్రటి రంధ్రం నుండి, అంటే మ్యాన్‌హోల్ నుండి, ఒక మనిషి లోపలికి దిగాలి. లోపల ఒక్కోసారి చెడుగాలి మిగిలిపోతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, మనిషికి నిద్ర వచ్చినట్టు అవుతుంది, అంతే. అందుకని దిగేవాడి ఒంటికి బెల్టు, బెల్టుకు తాడు, ఆ తాడు రెండో కొస పట్టుకొని పైన మ్యాన్‌హోల్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి. ఆ పైమనిషిని స్టాండ్‌బై అంటారు. అతనికి ఒక్కటే పని, కదలకుండా నిలబడడం. మధ్యమధ్య స్పానరుతో పాత్ర మీద రెండుసార్లు కొడతాడు, లోపలివాడు జవాబుగా రెండుసార్లు కొట్టాలి. జవాబు వస్తే మనిషి బాగున్నట్టు. రాకపోతే ఇక ఆలోచించకుండా లాగాలి.

మా షెడ్డులో వెల్డింగ్ పనీ, స్టాండ్‌బై పనీ రెండూ నావే. లోపలికి దిగేది దిబాకర్ అని ఒడిశా నుండి వచ్చిన కాంట్రాక్టు కూలి. ఇస్నాపూర్‌లో ఒక గదిలో భార్యతో ఉండేవాడు. నేనతన్ని పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, "ఓయ్ ఒడియా" అనేవాణ్ణి, అతను నవ్వేవాడు. దిగేముందు ప్రతిసారీ తాడు ఒకసారి లాగి చూసుకొని, వచ్చీరాని తెలుగులో ఒకే మాట అనేవాడు. "అన్నా, గట్టిగ పట్టుకో. నా పెండ్లాం నీ మీదనే భరోసా పెట్టుకున్నది."

తాడు చేతికి కోసుకుంటుందని మేమంతా దాన్ని పక్కనున్న రెయిలింగుకు కట్టేసి ఊరికే నిలబడేవాళ్ళం. అది తప్పని అందరికీ తెలుసు, అందరమూ అదే చేసేవాళ్ళం.

ఒకరోజు పొద్దున మా సూపర్‌వైజరు కొత్త బండి కొన్నాడని అందరికీ జిలేబీ పంచుతున్నాడు. కింది నుండి నన్ను పిలిచారు.

"ప్రభుదాసూ, జల్దీ దిగు! నువ్వచ్చేసరికి పొట్లం ఖాళీ అయితది!"

నేను స్పానరుతో రెండుసార్లు కొట్టాను. లోపలి నుండి రెండు దెబ్బలు వినిపించాయి. తాడు రెయిలింగుకు ఉంది కదా అనుకొని దిగిపోయాను. జిలేబీ తిన్నాను, బండి చుట్టూ తిరిగి చూశాను, మైలేజీ ఎంత ఇస్తుందని అడిగాను, దిబాకర్ కోసమని ఒక జిలేబీ కాగితంలో చుట్టుకొని పైకి వచ్చాను. వచ్చి రెండుసార్లు కొట్టాను.

జవాబు లేదు.

మళ్ళీ కొట్టాను. పాత్ర మోగింది, అంతే.

నా కేకకు కిందివాళ్ళు పరుగెత్తుకొచ్చారు, అందరం కలిసి పైకి లాగాం. దిబాకర్ పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆసుపత్రిలో చాలా రోజులు మెషిను మీద ఊపిరి తీసుకున్నాడు, బతికాడు గానీ కుడిచెయ్యి వణుకు పట్టుకుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఇక ఏ కంపెనీలోనూ పనికి రాడని చెప్పేశారు. ఆ వారంలోనే ఆఫీసులో నా ముందు ఒక కాగితం పెట్టారు. పనివాడు తన బెల్టు తనే విప్పుకున్నాడనీ, స్టాండ్‌బై మనిషి స్థలంలోనే ఉన్నాడనీ అందులో ఉంది. ఇద్దరం ఉద్యోగాలు పోగొట్టుకునే కన్నా ఒకడైనా మిగిలితే మంచిది కదా అన్నారు. నేను సంతకం పెట్టాను.

సహోదరులారా, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదని సండే స్కూల్లో నేను ఎంతమంది పిల్లలకు కంఠతా పట్టించానో లెక్కలేదు! ఆ ఆదివారం డోలక్ ముందు కూర్చుంటే నా చేతులు సాగలేదు. రెండు దెబ్బలు వేస్తే చాలు, జవాబు కోసం చెవి పెట్టేవాణ్ణి. డోలక్ పక్కన పెట్టేశాను. సువార్త అడిగింది, కండరాలు పట్టేశాయని చెప్పాను.

ఇస్నాపూర్ మీదుగా వెళ్ళడం మానేశాను. పటాన్‌చెరు సంతలో దిబాకర్ భార్య దూరంగా కనిపిస్తే కూరగాయలు కొనకుండానే తిరిగి వచ్చేశాను. దేవుని ముఖం ఎదుట నుండి పారిపోవాలని ఓడ ఎక్కిన ప్రవక్త గురించి మీరంతా ఎరుగుదురు. నాకు ఓడ దొరకలేదు, ఏజెంటు దొరికాడు. సంగారెడ్డిలో ఆఫీసు పెట్టుకున్న రాజేందర్ అనే మనిషి.

"అన్నా, యూరప్‌ల వెల్డింగ్ చేసేటోళ్ళు దొర్కుతలేరు. నీ చెయ్యి చూస్తే కండ్లకద్దుకుంటరు. మొదాలు టూరిస్టు వీసా మీద పోతవ్, ఆడికెళ్ళి మనోళ్ళే తీస్కపోతరు. బేఫికర్‌గ ఉండు."

సువార్త సూట్‌కేసు సర్దుతూ సర్దుతూ ఆగి నా ముఖంలోకి చూసింది. "పని కోసం పోతున్నవంటే నేను నమ్మ. నీ కడుపుల ఏదో ఉన్నది. అది నాకు చెప్పకుంటనే పోతున్నవ్." నేను జిప్పు వేసి లేచాను.

నేను దాటిన దేశాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అక్కడ మమ్మల్ని కొట్టినవాళ్ళూ ఉన్నారు, గుమ్మంలోకి పిలిచి రొట్టె పెట్టినవాళ్ళూ ఉన్నారు, పేరు రాస్తే రెండో రకం వాళ్ళకు అన్యాయం అవుతుంది. విమానం దిగిన చోటే మా పాస్‌పోర్టులు తీసుకున్నారు, భద్రంగా ఉంచుతామని. మా చేతుల మీద నల్ల పెన్నుతో అంకెలు వేశారు. నాకు పదకొండు వచ్చింది. ఆ రోజు నుండి నన్ను ఎవరూ ప్రభుదాసు అని పిలవలేదు. కాగితాలు లేకుండా సరిహద్దు దాటడాన్ని వాళ్ళు గేమ్ అంటారు. ఆట! ఆ ఆటలో ఎన్ని కాళ్ళు విరిగాయో, ఎంతమంది తల్లులకు ఇప్పటికీ కబురు అందలేదో ఆయనకే తెలుసు.

మా గుంపులో ఆఫ్ఘన్లు, పాకిస్తాన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, ఇంకా ఏ దేశమో నాకు తెలియని వాళ్ళు ఉన్నారు. నసీర్ అని ఒక ఆఫ్ఘన్ మనిషి, యాభై దాటి ఉంటాయి, తన ఊళ్ళో రొట్టెలు కాల్చేవాడట. నేను పటాన్‌చెరులో నేర్చుకున్న ఉర్దూ అతనికి అర్థమయ్యేది, వినగానే నవ్వేవాడు. "భాయ్, నీ ఉర్దూ నడుస్తుంది గానీ కుంటుతుంది," అనేవాడు. తర్వాత మేమంతా కుంటాం.

మొదటిసారి తెల్లవారుతుండగా అడవిలో పట్టుబడ్డాం. యూనిఫారాల్లో ఉన్నవాళ్ళు మా ఫోన్లన్నీ ఒక రాయి మీద వరుసగా పెట్టించి సుత్తితో పగలగొట్టారు. చెప్పులు, బూట్లు విప్పించి మంటలో వేశారు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి లాఠీలతో కొట్టి, మంచులా ఉన్న వాగులోకి నెట్టి, అవతలి దేశానికి పొమ్మన్నారు. నసీర్ చెయ్యి అక్కడే విరిగింది. ఈత రానివాళ్ళు ఒకరి చొక్కా ఒకరు పట్టుకొని దాటాం. అవతలి ఒడ్డున వాళ్ళు మళ్ళీ కొట్టారు. మేము మనుషులం కాదు, ఎవరి ముంగిట్లోనో పడిన చెత్త, ఇటు ఊడిస్తే అటు, అటు ఊడిస్తే ఇటు.

రెండుసార్లు అలా తిరిగి వచ్చాక మమ్మల్ని తీసుకెళ్ళేవాళ్ళే ఒక పాడుబడిన కోళ్ళఫారంలో పెట్టి తాళం వేశారు. ఇంకా పైసలు తెప్పించమన్నారు. ఇంటికి ఫోను కలిపి, అవతల ఎవరైనా ఎత్తగానే మమ్మల్ని కొట్టేవారు, ఆ అరుపు ఇంట్లోవాళ్ళకు వినిపించాలని. అక్కడ ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు జరిగింది నేను ఈ పత్రికలో రాయలేను. కానీ ప్రభువు చూశాడు, ఆయన మరిచిపోడు.

ఒక గురువారం నా వంతు వచ్చింది. సువార్త ఫోను ఎత్తగానే నా వీపు మీద పైపుతో కొట్టారు.

"ఏమైంది? ఏమయ్యా! ఏడున్నవ్? ఎవరాళ్ళు?" ఆమె అరుస్తోంది.

పైసలు పంపమని చెప్పడానికే నేను నోరు తెరిచాను. సహోదరులారా, నేను అబద్ధం చెప్పడం లేదు, నా నోటి నుండి వేరే మాట వచ్చింది! అది నా మాట కాదు, నేను అంత మంచివాణ్ణి కాదు.

"సువార్తా, ఇను. ఇస్నాపూర్‌ల దిబాకర్ ఉన్నడు, ఆయన రూముకు పో. బెల్టు ఆయన విప్పుకోలే. నేనే ఇడిసిపెట్టి పోయిన. జిలేబీ తినపోయిన. దొంగ సంతకం పెట్టిన. ఆయనకు చెప్పు. ఆయనకు చెప్పు సువార్తా!"

వాళ్ళకు తెలుగు అర్థం కాలేదు, పైసలు అనే మాట వినబడలేదని మాత్రం అర్థమైంది. ఫోను లాగేసుకున్నారు. ఆ తర్వాత కొట్టిన దెబ్బలకు నా పక్కటెముక ఒకటి విరిగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మధ్యాహ్నం నేను ఎన్ని నెలల తర్వాతో నిద్రపోయాను. కోళ్ళ పెంట మీద, విరిగిన ఎముకతో, చంటిపిల్లాడిలా!

మరునాడు శుక్రవారం పొద్దున గోల మొదలైంది. పోలీసులు వస్తున్నారని ఎవరో కబురు పంపారట. ఫారం ముందుకు ఒక ట్యాంకరు వచ్చి ఆగింది, వంటనూనె తెచ్చి ఖాళీ చేసి పోయే ట్యాంకరు. దాని పైన గుండ్రటి మ్యాన్‌హోల్, పక్కన నిచ్చెన. ఎక్కండి, లోపలికి దూకండి అని అరుస్తున్నారు.

నేను నిచ్చెన దగ్గరే ఆగిపోయాను. అక్కడున్న పంతొమ్మిది మందిలో ఆ రంధ్రం అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. హిందీ వచ్చినవాడు ఒకడు వాళ్ళలో ఉంటే అడిగాను, పైన స్టాండ్‌బై ఎవరు ఉంటారని. వాడు మిగతావాళ్ళకు చెప్పాడు, అందరూ పగలబడి నవ్వారు. "నీకు సలాం కొట్టడానికి ఒక మనిషిని పెట్టాలా, పదకొండు?" అని మెడ మీద కొట్టాడు. నసీర్ విరిగిన చేతిని మెడకు కట్టుకొని నా ముందు ఎక్కాడు. "చలో భాయ్," అన్నాడు. మూత పడింది. పైన బోల్టులు బిగించిన చప్పుడు నేను గుర్తుపట్టాను.

చీకటి. కాళ్ళ కింద నూనె జిడ్డు. బండి కదిలింది. అందరూ ఒక్కసారి అరవడం మొదలుపెట్టారు. అరుపులు ఆ ఉక్కు గోడలకు తగిలి మళ్ళీ మా మీదే పడుతున్నాయి. అప్పుడు నేను లేచి ఉర్దూలో చెప్పాను, నసీర్ తన భాషలో గట్టిగా చెప్పాడు. అరవద్దు, గాలి అయిపోతుంది. నిలబడొద్దు, కూర్చోండి. లైటరు వెలిగించొద్దు. నేను బెల్టు బకిలుతో రెండుసార్లు కొడతాను, నా తర్వాత ఒక్కొక్కరూ వరుసగా రెండుసార్లు గోడ మీద కొట్టండి, ఎవరి దెబ్బ వినబడకపోతే పక్కవాళ్ళు తట్టి లేపండి. పదకొండేళ్ళు ఆ చదువు నాకెందుకు చెప్పించాడో ఆ రోజు తెలిసింది!

మొదటిసారి పంతొమ్మిది జతల దెబ్బలు వినిపించాయి. కాసేపాగి మళ్ళీ, పంతొమ్మిది. ఎండ ఎక్కుతున్నట్టుంది, గోడలు వేడెక్కాయి. తర్వాత పదిహేడు. ఆవలింతలు మొదలయ్యాయి, అది మంచి నిద్ర కాదని నాకు తెలుసు. పక్కవాళ్ళను చెంపల మీద కొట్టి లేపుతున్నాం. తర్వాత పద్నాలుగు. బండి ఎక్కడో ఆగింది, ఇంజను ఆగింది, డ్రైవరు దిగి వెళ్ళిన అడుగులు వినిపించాయి. ఇక రాలేదు.

నా తల బరువెక్కింది. అప్పుడు నేను చేసిన ప్రార్థన ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఇందులో మందిరం భాష లేదు.

"ప్రభువా, నేను దిబాకర్ తాడు ఇడిసిపెట్టి పోయిన. నాకు పైన ఎవ్వరు లేరు. నిన్ను అడిగే మొఖం నాకు లేదు. అయినా అడుగుతున్న. నువ్వు నా అసొంటోనివి కావు. నువ్వు జిలేబీలకు పోయేటోనివి కావు. ఈళ్ళందరి పైన నువ్వే నిలబడు. నేను కొడుతున్న ప్రభువా, నువ్వు నాకు ఇనబడెటట్టు కొట్టు."

బకిలుతో రెండుసార్లు కొట్టాను.

బయటి నుండి రెండు దెబ్బలు వినిపించాయి!

నా బుర్ర చెడిపోయిందనుకున్నాను. చెడుగాలికి అలా కూడా అవుతుంది. నసీర్ నా భుజం పట్టుకొని ఊపాడు, అతనికీ వినబడింది. మళ్ళీ కొట్టాను. ఈసారి దెబ్బలు దగ్గరగా, మా చెవి పక్కనే, రెండు! నసీర్, నేను, చేతులు ఆడేవాళ్ళందరం కలిసి కొట్టాం. నిచ్చెన మీద అడుగులు. బోల్టులు ఒక్కొక్కటిగా తిరుగుతున్న చప్పుడు. మూత లేచింది.

సహోదరులారా, ఆ గుండ్రటి వెలుగును నేనెలా వర్ణించగలను! అంతకుముందు ఎన్నిసార్లు నేను ఆ రంధ్రానికి పైన నిలబడి లోపలికి చూశానో, ఒక్కసారి కూడా లోపలి నుండి పైకి చూడలేదు. అది ఆకాశం ముక్కలా లేదు, ఆకాశమంతా అందులోనే ఉన్నట్టుంది. గాలి దిగింది. గాలి చల్లగా దిగడం నా ముఖానికి తెలిసింది. ఆ వెలుగు మధ్యలో మసిపట్టిన ఒక ముఖం.

అతను రోడ్డు పక్క టైర్లు బాగుచేసేవాడు. పోలీసులతో వచ్చిన దుభాషీ ద్వారా నేను తర్వాత అతన్ని అడిగాను, నువ్వెందుకు రెండుసార్లు కొట్టావని. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. ఆగిన ప్రతి బండికీ ఇనుప కడ్డీతో టైర్లు కొట్టి చూడడం అతని అలవాటట, చప్పుడును బట్టి గాలి ఉందో లేదో తెలుస్తుందట. ఒక్కో టైరుకు రెండు దెబ్బలు. ఆ రోజు టైరును కొడితే ట్యాంకరు జవాబు చెప్పింది, భయపడి ఈసారి ట్యాంకరు మీదే కొట్టాను, మళ్ళీ జవాబు చెప్పింది అన్నాడు. మన జాతీయ రహదారి మీద లారీ క్లీనర్లు చేసే పనే! ఆ పని చేసే మనిషిని, ఆ కడ్డీని, ఆ నిమిషాన్ని, ఎక్కడో భూమి అవతల నా కోసం ఆయన సిద్ధం చేసి ఉంచాడు.

ఇద్దరు లేవలేదు. పంతొమ్మిది మందిలో ఇద్దరిని కింద గడ్డి మీద పడుకోబెట్టి గుడ్డ కప్పారు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు, ఒకరి చేతి మీద ఏడు అని, ఒకరి చేతి మీద పదహారు అని ఉంది. వాళ్ళెందుకు పోయారు, నేనెందుకు మిగిలాను అని మీరు అడగవచ్చు. నేను వాళ్ళకంటే మంచివాణ్ణి కాదు, దిబాకర్ సంగతి విన్నారు కదా. ఈ విషయంలో నాకు తెలిసినట్టు మాట్లాడడానికి నేను భయపడతాను. ఏడు, పదహారు అని మేము ఇంట్లో కుటుంబ ప్రార్థనలో చెబుతాం, పేర్లు ప్రభువుకు తెలుసు.

ఇప్పుడు ఇక్కడ జరిగింది చెప్పాలి. దీన్ని సువార్త నాకు తర్వాత చెప్పింది.

గురువారం ఫోను తెగిపోగానే ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆటో ఎక్కి ఇస్నాపూర్ పోయి, గది గది అడుగుతూ దిబాకర్‌ను కనుక్కుంది. నేను చెప్పమన్నది చెప్పింది. దిబాకర్ భార్య గోడవైపు తిరిగిందట. దిబాకర్ మాత్రం నేను ఎక్కడున్నానని అడిగాడట. ఎక్కడో బంద్ చేసి పెట్టారు, కొడుతున్నారు, అంతకన్నా తెలియదు అందట సువార్త.

అప్పుడతను అడిగిన మాట ఇది. "ఆయనకు స్టాండ్‌బై ఎవరున్నరు, దీదీ?"

సువార్తకు ఆ మాట అర్థం కాలేదు, అతనే చెయ్యి తిప్పుతూ వివరించాడట. విన్నాక ఆమె, "మా దేవుడు ఉన్నడు. రేపు మందిరంల మేమందరం కూడుకుంటం," అందట.

మరునాడు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు దిబాకర్ తన భార్య భుజం పట్టుకొని వచ్చాడు. అతనికి మన ప్రార్థన తెలియదు, మన పాటలు తెలియవు. గుమ్మం పక్కన గోడకు ఆనుకొని కూర్చొని, జేబులోంచి ఒక స్టీలు చెంచా తీసి, వణికే కుడిచేత్తో నేల మీద రెండుసార్లు కొట్టి ఆగాడట. కాసేపాగి మళ్ళీ రెండు. ఎవరో పెద్దాయన ప్రార్థనలో చప్పుడేమిటని వారించబోతే సువార్త, "కొట్టనియ్యండి తాతా, ఆయన కూడ ప్రార్థనే చేస్తుండు," అందట. మధ్యాహ్నం దాకా కొట్టాడు. ఆయాసం వస్తే ఆగాడు, మళ్ళీ కొట్టాడు. తర్వాత మేము రెండు దేశాల గడియారాలు పక్కపక్కన పెట్టి చూశాం. అక్కడ పొద్దున, ఇక్కడ మధ్యాహ్నం. నేను ట్యాంకరు లోపల కొట్టిన వేళ, అతను మన మందిరంలో కొట్టిన వేళ ఒక్కటే! నేను ఎవరి తాడు వదిలేసి దిగిపోయానో ఆ మనిషి నాకు స్టాండ్‌బై కూర్చున్నాడు! దేవా, నీ మార్గాలు ఎంత లోతైనవి, నేను ఏ గిన్నెతో వాటిని కొలవగలను!

ఆసుపత్రి, ఆ తర్వాత శిబిరం, ఆ తర్వాత పాస్‌పోర్టు బదులు మన ఎంబసీ ఇచ్చిన తెల్లకాగితం మీద వెనక్కి ప్రయాణం, అదంతా రాస్తే పత్రిక చాలదు. నసీర్ ఇంకా ఆ శిబిరంలోనే ఉన్నాడు, చెయ్యి అతుక్కుంది, ఆదివారాలు ఫోను చేసి నా ఉర్దూను వెక్కిరిస్తాడు. నేను శంషాబాద్‌లో దిగి, ఇంటికి పోయి స్నానం చేసి, అన్నం తినకుండా ఇస్నాపూర్ పోయాను. దారిలో మిఠాయి దుకాణం దగ్గర ఆగాను. కొనాలా వద్దా అని చాలాసేపు నిలబడ్డాను. కొన్నాను.

దిబాకర్ గడప మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూశాడు, నా చేతిలో పొట్లం చూశాడు. నేను అతని కాళ్ళ దగ్గర కూలబడ్డాను. పేరు పెట్టి పిలిచాను, మొదటిసారి. అతను పొట్లం విప్పి చూసి, నా వీపు మీద వణికే చెయ్యి వేశాడు.

"జిలేబీ తేనీకి పోయినవ్ గదా అన్నా," అన్నాడు. "ఇత్నీ దేర్ లగాదియా?"

ఇంత ఆలస్యం చేశావా అని! అంతే అన్నాడు! లోపలి నుండి అతని భార్య, "ఇప్పుడు గూడ చల్లగైనవే తెచ్చిండు," అంది, ఆ గొంతులో క్షమ ఇంకా సగమే ఉంది, ఆ సగానికి కూడా నేను అర్హుణ్ణి కాను. మేము ముగ్గురం ఆ గడప మీద కూర్చొని ఏడ్చాం, నవ్వాం, తిన్నాం.

ఆ వారమే లేబరు ఆఫీసుకు వెళ్ళి నిజమైన వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. కంపెనీ నన్ను మళ్ళీ పనిలోకి తీసుకోలేదు, అది పోవలసిన ఉద్యోగమే. దిబాకర్‌కు రావలసిన నష్టపరిహారం కేసు నడుస్తోంది, నేనే సాక్షిని, పిలిచిన ప్రతిసారీ నిలబడుతున్నాను. ఇప్పుడు బీరంగూడలో గేట్లు, గ్రిల్లులు వెల్డింగ్ చేసుకుంటున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఇస్నాపూర్ గదుల వెంట తిరిగి, దొంగదారిన పోదామనుకునే వాళ్ళకు నా వీపు చూపిస్తున్నాను. కొందరు వింటారు. కొందరు, "నీకు నసీబ్ లేకుండె అన్నా, మాకు ఉంటది," అంటారు. వాళ్ళ కోసం సువార్త పేర్లు రాసుకొని ప్రార్థిస్తుంది, అంకెలు కాదు, పేర్లు. డోలక్ మళ్ళీ పట్టాను. దిబాకర్ ఇప్పటికీ గుమ్మం పక్కనే కూర్చుంటాడు, చెంచా తెచ్చుకుంటాడు, తాళం తప్పుతాడు, నేను అతనికి తగ్గట్టు వాయిస్తాను.

చదువుతున్న నా ప్రియులారా, మీలో ఎవరైనా మూత పడిన చోట ఉన్నారేమో, అది అప్పు కావచ్చు, తాగుడు కావచ్చు, నాలాగా ఎవరికీ చెప్పని సంతకం కావచ్చు. లోపలి నుండి కొట్టండి. పైన ఒకడు నిలబడి ఉన్నాడు, ఆయన దేనికోసమూ కదలడు. మీరు ఎవరి తాడైనా వదిలేసి వచ్చి ఉంటే ఈ రోజే తిరిగి వెళ్ళండి, చల్లారిన జిలేబీతోనైనా వెళ్ళండి.

ఇప్పుడు నాతో కలిసి ప్రార్థించండి. చదువుతున్న చోటే ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి.

తండ్రీ, ఈ గడియలో ఏ అడవిలోనో, ఏ లారీలోనో, ఏ వాగులోనో ఊపిరి బిగబట్టి ఉన్న నీ పిల్లలందరినీ నీ చేతికి అప్పగిస్తున్నాం. వాళ్ళ చేతుల మీద అంకెలు ఉన్నాయి, నీ చేతిలో వాళ్ళ పేర్లు ఉన్నాయి. వాళ్ళను కొట్టే చేతులను ఆపు, ఆ చేతులున్న మనుషులను కూడా మార్చు. బయట ఇనుప కడ్డీ పట్టుకొని పోతున్న ఎవరో ఒకరిని అటువైపు నడిపించు. నసీర్‌కు ఒక ఇల్లు, దిబాకర్ ఛాతీకి నిండా గాలి దయచేయి. మేము వదిలేసిన తాళ్ళను మళ్ళీ పట్టుకొనే ధైర్యం మాకివ్వు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ.

చివరి మాట నేను రాయడం లేదు. నేను లోపలి నుండి కొట్టాను, బయటి నుండి జవాబు మీది. మీరున్న చోట నుండి గట్టిగా ఆమేన్ అనండి.